శంషాబాద్ నుంచి నల్లమల దాకా: ఎక్కడ టికెట్, ఎక్కడ అనుమతి, గేటు మూసేది ఎప్పుడు?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి దక్షిణం వైపు కారులో రెండున్నర, మూడు గంటలు వెళితే నల్లమల అడవి మొదలవుతుంది. కొండలు, జలపాతాలు, పాత కోటలు, గుహాలయాలు, పులుల అభయారణ్యం, చివరన శ్రీశైలం... అన్నీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. అందుకే విదేశాల నుంచి, ఇతర నగరాల నుంచి వచ్చేవాళ్లు చాలామంది విమానం దిగి నేరుగా ఇటే బయలుదేరుతుంటారు.

అయితే రోడ్డు ఒకటే అయినా, దారిలోని చోట్లన్నీ ఒకే శాఖ కింద లేవు. ఒకచోట అటవీశాఖ, ఇంకోచోట దేవాదాయ శాఖ, మరోచోట పురావస్తు శాఖ. ఒకచోట కొన్న టికెట్ మరోచోట చెల్లదు. పైగా ఈ రోడ్డుకు రాత్రి గేటు పడుతుంది. ఆ విషయం తెలియక చెక్‌పోస్టు దగ్గర పిల్లలతో, పెద్దవాళ్లతో తెల్లవార్లూ కారులో కూర్చునే పరిస్థితి రాకుండా, బయలుదేరే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

ముఖ్యాంశాలు

• మన్ననూరు చెక్‌పోస్టు నుంచి అడవిలోకి రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు.
• హైవే మీద ప్రయాణానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే మాత్రం అనుమతి ఉండాల్సిందే.
• వానాకాలంలో, సాధారణంగా జులై నుంచి సెప్టెంబర్ వరకు, సఫారీ ఉండదు.
• అమ్రాబాద్ అభయారణ్యంలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం ఉంది.
• అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు.

దారి ఎటు?

విమానాశ్రయం నుంచి ఔటర్ రింగ్ రోడ్డుకు తూర్పు వైపున తుక్కుగూడ జంక్షన్ ఉంటుంది. అక్కడ జాతీయ రహదారి 765 ఎక్కాలి. దీన్నే అందరూ శ్రీశైలం హైవే అంటారు. కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి మీదుగా మన్ననూరు చేరుకుంటారు. నగరంలోకి వెళ్లాల్సిన పనే లేదు. కడ్తాల్ దగ్గర టోల్‌ప్లాజా ఉంది కాబట్టి ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి.

విమానాశ్రయం నుంచి మన్ననూరు సుమారు 120 కిలోమీటర్లు. అక్కడి నుంచి వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా కృష్ణా నది వరకు సుమారు 60 కిలోమీటర్లు పూర్తిగా అడవిలోనే ప్రయాణం. నది దాటితే ఆంధ్రప్రదేశ్. సున్నిపెంట మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కితే శ్రీశైలం.

రాత్రి 9 గంటల నిబంధన ఏమిటి?

మన్ననూరు నుంచి దోమలపెంట వరకు రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్య నుంచి వెళుతుంది. చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు, కణుజులు, అడవి పందులు రాత్రివేళ ఎక్కువగా రోడ్డు దాటుతాయి. హెడ్‌లైట్ వెలుగు కళ్లలో పడితే జంతువు కదలకుండా నిలబడిపోతుంది. వాహనం వేగంగా వస్తే జంతువుకూ, లోపలున్నవారికీ ప్రమాదమే. అందుకే రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రెండు వైపులా గేట్లు మూసేస్తారు. శివరాత్రి వంటి ఉత్సవాల రోజుల్లో వేళలు మారే అవకాశం ఉంటుంది. ఆ సమాచారాన్ని ముందుగానే అటవీశాఖ ప్రకటనల్లో చూసుకోవాలి.

కర్నూలు వైపు నుంచి తిరిగి వెళితే గేటు తప్పించుకోవచ్చని కొందరు అనుకుంటారు. కానీ ఆంధ్రప్రదేశ్ వైపు దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు కూడా అభయారణ్యంలోదే. అక్కడా రాత్రి రాకపోకలు ఉండవు.

విమానం వేళకు దీన్ని ఎలా సరిపెట్టుకోవాలి?

వెళ్లేటప్పుడు: విమానం దిగి సామాను తీసుకుని కారెక్కేసరికి గంట. తుక్కుగూడ నుంచి మన్ననూరుకు రెండున్నర నుంచి మూడు గంటలు. మధ్యలో భోజనానికి ఆగితే మరో అరగంట. అంటే సాయంత్రం 4 గంటల తర్వాత దిగే విమానమైతే ఆ రాత్రికే శ్రీశైలం చేరాలన్న ఆలోచన మంచిది కాదు. 5 దాటితే ఆ ఆశ వదులుకోవడమే మేలు. శంషాబాద్‌లోనో, దారిలో కల్వకుర్తి, అచ్చంపేట వంటి పట్టణాల్లోనో బస చేసి ఉదయం గేటు తెరిచే వేళకు చేరుకోవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు: ఉదయం 6కు గేటు తెరిచిన వెంటనే దోమలపెంట దాటినా విమానాశ్రయం చేరేసరికి 10 దాటుతుంది. దేశీయ ప్రయాణానికి రెండు గంటలు, అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటలు ముందుండాలి. కాబట్టి శ్రీశైలంలో నిద్రచేసి మధ్యాహ్నం 1 గంటకు ముందు దేశీయ విమానం, 2 గంటలకు ముందు అంతర్జాతీయ విమానం పెట్టుకోవద్దు. ఉదయం విమానమైతే ముందు రోజు రాత్రి 9 లోపే అడవి దాటేయాలి.

వారాంతాల్లో, ముఖ్యంగా శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తిన రోజుల్లో దోమలపెంట దగ్గర వాహనాలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోతాయి. ఆ రోజుల్లో ఈ లెక్కకు మరో రెండు గంటలు కలుపుకోండి.

రోడ్డు మీద ఒక రూలు, రోడ్డు దిగితే ఇంకో రూలా?

అవును. చాలామందికి తెలియని విషయం ఇదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 27 ప్రకారం అభయారణ్యంలోకి అందరూ ప్రవేశించడానికి వీల్లేదు. అందులో ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, ప్రజా రహదారి మీదుగా ప్రయాణించేవారికి. అంటే రోడ్డు మీద వెళ్లే వీలు మీకుంది. కారు ఆపి, చెట్ల మధ్యకు వెళ్లి వంట చేసుకోవడానికి, వాగులోకి దిగడానికి, ట్రెక్కింగ్‌కు మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

అలాంటి వాటికి సెక్షన్ 28 కింద అనుమతి కావాలి. పర్యాటకం, ఫొటోగ్రఫీ, శాస్త్రీయ పరిశోధన, వన్యప్రాణుల అధ్యయనం వంటి పనులకు అటవీశాఖ అనుమతి ఇస్తుంది. మీరు సఫారీకి కొనే టికెట్, జలపాతం దగ్గర కట్టే రుసుము ఈ అనుమతి కిందికే వస్తాయి. టికెట్ ఎంతవరకు అని రాసి ఉందో అంతవరకే వెళ్లాలి.

ఇదే చట్టం ప్రకారం అభయారణ్యంలో జంతువులను వేధించడం, చెత్త వేయడం, నిప్పు పెట్టడం, ఆయుధాలతో ప్రవేశించడం నేరాలు. 2022లో చట్టాన్ని సవరించాక నిబంధనలు ఉల్లంఘించినవారికి గరిష్ఠంగా మూడేళ్ల జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కొన్ని నేరాలకు శిక్ష ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. రోడ్డు పక్కన సిగరెట్ పీక పారేసినా, బిర్యానీ ప్యాకెట్ విసిరినా చట్టం దృష్టిలో చిన్న విషయం కాదు.

ఈ అభయారణ్యం ఎంత పెద్దది?

1978లో నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల మధ్య అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. 2014లో రాష్ట్ర విభజనతో కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. దీని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో దాదాపు 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతమే. నదికి దక్షిణాన ఉన్నది ఆంధ్రప్రదేశ్ పరిధిలోని నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. రెండిటికీ అధికారులు వేరు, నిబంధనల ప్రకటనలు వేరు, బుకింగ్‌లు వేరు.

ఏ చోటు ఎవరి పరిధిలో ఉంది?

• ఫరహాబాద్ సఫారీ, మన్ననూరు కాటేజీలు, మల్లెల తీర్థం, ఆక్టోపస్ వ్యూపాయింట్: తెలంగాణ అటవీశాఖ.
• ఉమామహేశ్వరం ఆలయం: తెలంగాణ దేవాదాయ శాఖ.
• సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ: తెలంగాణ పర్యాటక సంస్థ.
• శ్రీశైలం ఆలయం, దేవస్థానం వసతి గదులు: ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖ పరిధిలోని శ్రీశైల దేవస్థానం.
• గోల్కొండ కోట, చార్మినార్, అలంపురం నవబ్రహ్మ ఆలయాలు: కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలు.

గది గానీ సఫారీ గానీ బుక్ చేసేటప్పుడు ఆ శాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే చేయండి. శ్రీశైలం గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి ముందుగా డబ్బులు వేయించుకునే మోసాలు జరుగుతున్నాయి. వ్యక్తిగత ఫోన్ నంబరుకు యూపీఐ చేయమని అడిగితే అనుమానించండి.

సఫారీకి ఎప్పుడు వెళ్లొచ్చు?

మన్ననూరు దాటాక హైవే పక్కనే ఫరహాబాద్ గేటు ఉంటుంది. సఫారీ వాహనాలు ఇక్కడి నుంచి అడవిలోకి వెళ్లి, కొండ అంచున ఉన్న వ్యూపాయింట్ వరకు తీసుకెళ్తాయి. వేసవి విడిదికి నిజాం కాలంలో వాడిన కట్టడాల శిథిలాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. సొంత వాహనాన్ని లోపలికి అనుమతించరు.

వానాకాలం చాలా జంతువుల సంతానోత్పత్తి సమయం. మట్టి దారులు కూడా పాడవుతాయి. అందుకే పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతంలో జులై నుంచి సెప్టెంబర్ వరకు సఫారీ ఆపేస్తారు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి వరకు చల్లగా, పచ్చగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాలి, నీటి కుంటల దగ్గర జంతువులు కనిపించే అవకాశం పెరుగుతుంది గానీ ఎండ తీవ్రంగా ఉంటుంది. ఒక్క సఫారీతోనే పులి కనిపించాలని ఆశ పెట్టుకోవద్దు. ఇంత పెద్ద అడవిలో అది అరుదు.

జలపాతం, గుహాలయాల దగ్గర జాగ్రత్తలేంటి?

మల్లెల తీర్థం: వటవర్లపల్లి దగ్గర హైవే వదిలి లోపలికి వెళ్లాలి. సుమారు 350 మెట్లు దిగాలి, తిరిగి అన్నీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులు, గుండె సమస్యలున్న పెద్దవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి. వానలు పడుతున్నప్పుడు రాళ్లు పాకుడు పట్టి జారతాయి. పైన కొండల్లో పడిన వానకు కింద నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. నీళ్ల రంగు మట్టిగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టుకు చేరాలి.

ఉమామహేశ్వరం: అచ్చంపేట మండలం రంగాపూర్ దగ్గర కొండ మీద, రాతి పడగ కింద ఉన్న పురాతన క్షేత్రం. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా దీన్ని చెబుతారు. ఇది మన్ననూరు గేటుకు ముందే ఉంటుంది. గేటు వేళకు చేరుకోలేమనుకున్నవారు ఆ రోజు ఇక్కడితో ఆగి వెనక్కి రావచ్చు.

సలేశ్వరం: ఏడాది పొడవునా తెరిచి ఉండే చోటు కాదు. చైత్ర పౌర్ణమి సమయంలో జరిగే లింగమయ్య జాతరకు మాత్రమే కొద్దిరోజులు అనుమతిస్తారు. వాహనాలు ఆగిన చోటు నుంచి ఎండలో కొండలు దిగి, ఇరుకైన లోయలో నడవాలి. సోషల్ మీడియాలో వీడియో చూసి మిగతా రోజుల్లో వెళ్లాలని ప్రయత్నిస్తే అది చట్టవిరుద్ధ ప్రవేశమే అవుతుంది.

ప్లాస్టిక్, కోతులు, నిప్పు: మూడు పెద్ద సమస్యలు

మన్ననూరు దగ్గర వాహనాల నుంచి పర్యావరణ రుసుము వసూలు చేస్తారు. రసీదు తీసుకోండి. నీళ్లకు స్టీలు సీసాలు, భోజనానికి క్యారియర్ తెచ్చుకుంటే ఇబ్బంది ఉండదు. చిప్స్ ప్యాకెట్లు, కవర్లు కారులోనే ఉంచుకుని అడవి దాటాక చెత్తడబ్బాలో వేయండి. ఉప్పు, నూనె వాసనకు దుప్పులు కవర్లతో సహా తినేస్తాయి. ఆ ప్లాస్టిక్ కడుపులో ఉండిపోయి చివరకు ప్రాణం మీదకు వస్తుంది.

రోడ్డు పక్కన కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయడం పుణ్యమని చాలామంది అనుకుంటారు. దానివల్ల జరుగుతున్నది వేరు. అడవిలో కాయలు, చిగుళ్లు వెతుక్కునే కోతులు రోడ్డుకు అలవాటుపడి వాహనాల కింద పడుతున్నాయి. కారు ఆగగానే మీదకు దూకి పిల్లల చేతుల్లోంచి లాక్కుంటున్నాయి. కోతి కరిచినా, గీరినా గాయాన్ని సబ్బు, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి.

ఫిబ్రవరి నుంచి మే వరకు రాలిన ఆకులతో అడవి నేలంతా ఎండిపోయి ఉంటుంది. ఒక అగ్గిపుల్ల చాలు, ఎకరాలకు ఎకరాలు కాలిపోతాయి. పొయ్యి పెట్టడం, పొగ తాగడం పూర్తిగా మానుకోవాలి.

చెంచు పెంటలకు వెళ్లొచ్చా?

నల్లమలలో చెంచులు తరతరాలుగా ఉంటున్నారు. వారి ఆవాసాలను పెంటలు అంటారు. దోమలపెంట, ఈగలపెంట వంటి ఊళ్ల పేర్లు అలా వచ్చినవే. కేంద్ర ప్రభుత్వం వీరిని ప్రత్యేకంగా దుర్బల గిరిజన సమూహంగా గుర్తించింది. పెంటలు పర్యాటక ప్రదేశాలు కావు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, అడగకుండా ఇళ్లనూ, పిల్లలనూ ఫొటోలు తీయడం తగదు. వారికి నిజంగా మేలు చేయాలనుకుంటే గిరిజన సహకార సంస్థ అమ్మే నల్లమల తేనె కొనండి. అటవీశాఖ పర్యాటకంలో గైడ్‌లుగా చెంచు యువతకు పని దొరుకుతోంది. అనుమతి ఉన్న గైడ్‌తోనే నడవడం మీకూ క్షేమం, వారికీ ఉపాధి.

శ్రీశైలం డ్యాం దగ్గర ఏం చూడాలి, ఏం చేయకూడదు?

145 మీటర్ల ఎత్తు, 512 మీటర్ల పొడవున్న ఈ ఆనకట్టకు 12 గేట్లు ఉన్నాయి. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఎగువ నుంచి వరద వస్తే సాధారణంగా జులై నుంచి అక్టోబర్ మధ్య గేట్లు ఎత్తుతారు. ఆ దృశ్యం కోసం వంతెన మీద, మలుపుల్లో కార్లు ఆపడంవల్లే ట్రాఫిక్ స్తంభిస్తుంది, ప్రమాదాలు జరుగుతాయి. పార్కింగ్ ఉన్న వ్యూపాయింట్ల దగ్గరే ఆగండి. నదిలోకి దిగడం, ఆనకట్టపై డ్రోన్ ఎగరేయడం వద్దు.

ఈ జలాశయం కింద మునిగిన ఊళ్లలోని పాత ఆలయాలు కొన్నిటిని రాయి రాయి విప్పి వేరేచోట తిరిగి కట్టారు. అలంపురంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయం, కొల్లాపూర్ దగ్గర సోమశిల ఆలయాలు అలా నిలిచినవే. సోమశిల లాంచీ జలాశయంలో నీటిమట్టాన్ని బట్టి నడుస్తుంది. వేసవిలో దాన్ని నమ్ముకుని ప్రణాళిక వేయొద్దు.

విమానానికి ముందు ఒక్క పూటే ఉంటే?

నల్లమలకు కనీసం ఒక పూర్తి రోజు, వీలైతే రెండు రోజులు కావాలి. అంత సమయం లేకపోతే దగ్గర్లోనే ఇవి ఉన్నాయి.

• అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం: శంషాబాద్ మండలం నర్కూడలో ఉంది. ఎత్తైన గోపురం, కోనేరు ఉన్న ప్రాచీన ఆలయం. సినిమా షూటింగ్‌లకు పేరు. గంటన్నరలో చూసి రావచ్చు.
• ముచ్చింతల్ సమతా మూర్తి: 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం. 2022 ఫిబ్రవరి 5న ప్రారంభమైంది. వారంలో సెలవు రోజు ఉంటుంది కాబట్టి వెళ్లే ముందు సరిచూసుకోండి.
• గోల్కొండ కోట: 15 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. పైదాకా ఎక్కాలంటే రెండు, మూడు గంటలు పెట్టుకోవాలి. గోడల మీద పేర్లు చెక్కితే పురావస్తు చట్టం కింద రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.
• అనంతగిరి కొండలు: వికారాబాద్ దగ్గర, మూసీ నది పుట్టిన చోటు. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పెద్ద మర్రిచెట్ల దారిలో వెళ్లాలి. రానూపోనూ, చూడటానికీ కలిపి ఒక పూర్తి పగలు కావాలి. పక్కనున్న దామగుండం అడవిలో 2024 అక్టోబర్‌లో నౌకాదళ రేడియో కమ్యూనికేషన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. పాత ట్రెక్కింగ్ వీడియోలు చూసి అటు వెళ్లొద్దు.

డ్రోన్ వెంట తీసుకెళ్లొచ్చా?

శంషాబాద్ చుట్టుపక్కల ఎగరేయాలంటే మొదట డిజిటల్ స్కై మ్యాప్ చూడాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయ పరిసరాల గగనతలం ఎరుపు, పసుపు జోన్లలో ఉంటుంది. ఎరుపు జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి, పసుపు జోన్‌లో విమాన రాకపోకల నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. అమ్మపల్లి, ముచ్చింతల్ విమానాశ్రయానికి దగ్గరే కాబట్టి ఇది తప్పక గుర్తుంచుకోవాలి. అభయారణ్యంలోనూ అటవీశాఖ అనుమతి లేనిదే డ్రోన్ వాడకూడదు.

బస్సులో వెళ్లాలంటే?

విమానాశ్రయం నుంచి నగరానికి టీజీఎస్‌ఆర్‌టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి. శ్రీశైలం బస్సులు విమానాశ్రయం లోపలికి రావు. ఎంజీబీఎస్ వెళ్లి ఎక్కాలి. మల్లెల తీర్థం వంటివి ప్రధాన రోడ్డుకు లోపల ఉంటాయి కాబట్టి బస్సులో వెళ్లేవారు తిరుగు ప్రయాణానికి వాహనం ముందే మాట్లాడుకోవాలి. మహిళలకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, తెలంగాణ సరిహద్దు వరకే. ఆ తర్వాతి దూరానికి టికెట్ తీసుకోవాలి. సూపర్ లగ్జరీ వంటి సర్వీసుల్లో ఈ పథకం వర్తించదు.

ఆపద వస్తే?

పోలీసు, అత్యవసర సేవలకు 112, అంబులెన్స్‌కు 108, జాతీయ రహదారిపై సాయానికి 1033. అయితే సిగ్నల్ లేని చోట ఏ నంబరూ పనికిరాదు. కారు ఆగిపోతే అడవిలోకి నడవకండి. కారులోనే ఉండి, అటుగా వెళ్లే బస్సు డ్రైవరుకు చెప్పి, తర్వాతి చెక్‌పోస్టుకు కబురు పంపండి. పాము కాటేస్తే గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయొద్దు. ఆ కాలు లేదా చేయి కదలకుండా ఉంచి ఆసుపత్రికి తరలించాలి. మన్ననూరు వైపు నుంచి అయితే అచ్చంపేటలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

బయలుదేరే ముందు ఒక్కసారి చూసుకోండి

• ఇంధనం మన్ననూరుకు ముందే నింపుకోవాలి.
• మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దించుకోవాలి.
• గుర్తింపు కార్డులు, కొంత నగదు దగ్గర ఉంచుకోవాలి.
• స్టీలు సీసాలు, మందులు, టార్చిలైటు, పట్టు ఉన్న చెప్పులు పెట్టుకోవాలి.
• ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి గేటు దాటతారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లాలి.
• రుసుములు, వేళలు మారుతుంటాయి. ముందు రోజు అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి.